లేఅవుట్లు వేసేవాడి ఒప్పుకోలు

"ఏం చేస్తుంటారు?" అని ఎవరన్నా అడిగితే "లేఅవుట్లు వేస్తుంటానండీ" అనేవాణ్ణి ఒకప్పుడు. విజయవాడలో ఆ మాటకు వచ్చే రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎటువైపు? గన్నవరమా, కంకిపాడా? గజం ఎంతుంది?" ఒకసారి బందరు రోడ్డు పక్కన టీకొట్టు దగ్గర ఒకాయన నా ఫోన్ నంబరు కూడా రాసుకున్నాడు, తూర్పు ముఖం ప్లాటు ఏదన్నా మిగిలితే కబురు చెయ్యమని. నేను వేసేవి కాగితం మీద చుక్కలూ గీతలేననీ, ఏ చుక్కను ఎక్కడ పెడితే చూసేవాడికి సులువుగా అర్థమవుతుందో తేల్చడమే నా పనీ అని ఆయనకు వివరించడానికి ఒక టీ చాల్లేదు.

ఈ తికమకను చాలాకాలం నవ్వుతాలుగా చెప్పుకున్నాను. ఈమధ్య చెప్పబుద్ధి కావడం లేదు. ఎందుకో రాద్దామనే ఈ ప్రయత్నం.

నా పని సంగతి అమ్మకు ముగ్గుతో చెప్పాను. ముగ్గులో చుక్కలు ముందు పడతాయి: పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చే దాకా. పడిన చుక్క కదలదు. గీతే దాన్నిబట్టి మెలికలు తిరుగుతుంది. నా దగ్గర అది తిరగబడుతుంది. ఏ చుక్కకు ఏ చుక్కతో సంబంధమో ముందే ఖాయం. అది మార్చే హక్కు నాకు లేదు. చుక్కల్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్నదొక్కటే నా చేతిలో ఉంటుంది. "అయితే ఎక్కడ పెట్టినా ఒకటేగా" అంది అమ్మ. గణితం కూడా అమ్మ మాటే అంటుంది. 1736లో ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ ఊళ్ళోని ఏడు వంతెనల్నీ ఒక్కొక్కసారే దాటి రాగలమా అన్న చిక్కు విప్పినప్పుడు, దూరాలూ వంపులూ అన్నీ పక్కన పెట్టి ఏది దేనితో కలిసిందన్నదే లెక్కలోకి తీసుకున్నాడు. చుక్కల్ని అటూ ఇటూ జరిపినా జవాబు మారదు. కానీ చూసేవాడి కన్ను మారుతుంది. దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని కన్ను చుట్టాలనుకుంటుంది. మధ్యలో ఉన్నదాన్ని పెద్ద అనుకుంటుంది. అంచున ఉన్నదాన్ని లెక్కలో లేనిదనుకుంటుంది. నా కూడూ గుడ్డా ఆ కన్ను మీదే.

కొన్నేళ్ళ క్రితం బందరు వైపు శివారు రైతులు కొందరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నీటి సంఘం పనుల్లో తిరిగేవాళ్ళు. వాళ్ళకు కావలసింది చిన్నదే. బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్ళు తమ పొలానికి చేరేలోగా ఏయే కాలువలు, ఎన్ని లాకులు, ఎన్ని తూములు దాటి వస్తాయో ఒకే కాగితం మీద కనిపించాలి. "గోడకి తగిలించుకుంటామండీ. మీటింగుల్లో వేలు పెట్టి చూపించుకోవడానికి వీలుగా ఉండాలి" అన్నారు. ఆ వేలు సంగతి నేనప్పుడు పట్టించుకోలేదు.

విజయవాడలో పెరిగినవాడికి కాలువలంటే వంతెనలే. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ: మూడూ ఊరి నడుమ నుంచే పోతాయి, మేం వాటి మీదుగా రోజూ పోతాం, తల తిప్పి చూడం. పని మొదలుపెట్టాక గానీ వాటి విస్తారం తెలియలేదు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. 1952లో దానికి గండి పడ్డాక, కాస్త ఎగువన 70 గేట్లతో కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో అందుబాటులోకి వచ్చింది. దానికి అటూ ఇటూ తూర్పు, పశ్చిమ ప్రధాన కాలువలు. పడమటి దాన్ని పట్టుకుని పోతే దుగ్గిరాల లాకుల దగ్గర పాయలు విడిపోతుంది. వాటిలో కొమ్మమూరు కాలువ దక్షిణంగా పోయి బకింగ్‌హాం కాలువను అందుకుంటుంది. తూర్పున ఏలూరు కాలువ ఏలూరుకు పోయి గోదావరి కాలువతో చెయ్యి కలుపుతుంది. అందుకే ఒకప్పుడు కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవలు నడిచాయి. మొత్తం మీద 13 లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు. మేజర్లు, మైనర్లు, తూములు, పంట బోదెలు కలుపుకుంటూ పోతే నా పట్టికలో చుక్కలు వందలు దాటాయి.

పట్టికను సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి మొదటిసారి బొమ్మ వేయించినప్పుడు నేనే "అబ్బ" అన్నాను. నడుమ బ్యారేజీ, దాని చుట్టూ పింఛం విప్పినట్టు కాలువలు. నచ్చలేదనుకుంటే మళ్ళీ నొక్కొచ్చు, ప్రతిసారీ కొత్త బొమ్మ వస్తుంది. నలభైసార్లు నొక్కి ఉంటాను. అందులో నెమలిలా ఉన్నదాన్ని ఎంచి, రంగులద్ది, పెద్ద ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి ఊరికి పట్టుకెళ్ళాను.

సంఘం గదిలో బల్ల మీద పరిచాం. రైతులు చుట్టూ చేరారు. కాసేపు మాటా పలుకూ లేదు. అప్పట్లో దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. వాళ్ళలో ఒక రిటైరైన లస్కరు ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ఆ కాలువ గట్టు మీదే తిరిగి తూములు ఎత్తీ దించీ చేతులు కాయలు కాసిన మనిషి. అందరూ తాత అనే పిలుస్తారు. ఆయన వేలు బొమ్మ మీదకు వచ్చింది, గాల్లోనే ఆగింది, అటు పోయింది, ఇటు పోయింది.

"మా ఊరు ఏదబ్బాయ్?"

నేను వెతికాను. నాకే వెంటనే దొరకలేదు. చివరికి పైన, ఎడమ మూల దొరికింది.

"ఇదేంటి, నీళ్ళు మీదకి ఎక్కుతున్నాయి?" అన్నాడు తాత. "పైగా ఈ పక్కూరు ఎక్కడిది? ఇది ఆ కాలవ మీద కదా. మా ఊరి పక్కన ఎందుకు పెట్టావ్?"

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నేను పెట్టలేదండీ. సాఫ్ట్‌వేరే అలా పెట్టింది."

కిటికీ దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన పకపకా నవ్వాడు. "మాకు అలవాటేనయ్యా ఈ మాట. మైనరు దగ్గర అడిగితే మేజరు నుంచి రాలేదంటారు. మేజరు దగ్గర అడిగితే లాకు నుంచి రాలేదంటారు. లాకు దగ్గరికి పోతే పైనుంచే రాలేదంటారు. ఎవరూ ఆపినవాళ్ళు లేరు, మాకు మాత్రం నీళ్ళు లేవు. ఇప్పుడు నువ్వూ అదే అంటున్నావు."

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. బస్సులో తిరిగి వస్తూ ఉయ్యూరు దాటాక సిగ్గేసింది.

*

సాఫ్ట్‌వేర్ పెట్టిందన్న మాటలో నిజమెంతో తేల్చుకోవాలి. నేను వాడిన పద్ధతికి మూలం 1984లో పీటర్ ఈడ్స్ రాసింది. చుక్కలన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, గీతలు స్ప్రింగుల్లా వాటిని దగ్గరకు లాగుతాయి. ఆ నెట్టుడూ లాగుడూ సర్దుకుని అంతా ఒకచోట నిలిచేదాకా కంప్యూటర్ చుక్కల్ని జరుపుతూ పోతుంది. 1989లో కమడా, కవై, 1991లో ఫ్రుక్టర్‌మన్, రైన్‌గోల్డ్ ఆ ఆలోచనకే మెరుగులు దిద్దారు. ఎవరు ఎవరితో ఎక్కువ కలిసి మెలిసి ఉన్నారో తెలియని చోట ఇది గొప్ప పనిముట్టు. ఒక కాలేజీ పిల్లల స్నేహాలనివ్వండి, గుంపులు వాటంతటవే విడివడి కనిపిస్తాయి. కానీ దానికి ఎగువ దిగువ తెలియదు. ఉత్తరం దక్షిణం తెలియదు. మొదట చుక్కల్ని ఎక్కడో ఒకచోట చల్లి మొదలుపెడుతుంది కాబట్టి ప్రతిసారీ ఒక్కో రూపంలో తేలుతుంది. మా తాత ఊరు మూలకు పోవడానికీ, ఎక్కడో వేరే కాలువ మీది ఊరు దాని పక్కన వాలడానికీ కారణం ఉంది. రెండూ కొసన వేలాడే చుక్కలు. వాటిని లోపలికి లాగే గీతలు లేవు. ఖాళీ ఉన్న చోట సర్దుకున్నాయి.

ఇంతవరకు సాఫ్ట్‌వేర్ చేసిందే. మరి నలభైసార్లు నొక్కింది ఎవరు? అందులో నెమలిని ఏరింది ఎవరు? పారే నీటికి ఎగువ దిగువ తెలియని పద్ధతిని తెచ్చి తగిలించింది ఎవరు? ఇంకొకటి కూడా ఉంది. గీతలు అతి తక్కువసార్లు ఖండించుకునే అమరిక ఏదో కచ్చితంగా తేల్చడం, చుక్కలు పెరిగేకొద్దీ ఎంత పెద్ద కంప్యూటర్‌కైనా తలకు మించినవని భావించే లెక్కల జాతిదని 1983లోనే గేరీ, జాన్సన్ నిరూపించారు. అంటే ఏ సాఫ్ట్‌వేరూ ఇదే సరైన బొమ్మ అని ఇవ్వలేదు. పర్వాలేదనిపించేది ఒకటి ఇస్తుంది, ఒప్పుకోవాలో వద్దో మనల్ని తేల్చుకోమంటుంది. తేల్చుకున్నది నేను. అడిగేసరికి మిషను వెనకాల దాక్కున్నది కూడా నేనే.

రెండో బొమ్మ కాస్త వినయంగా మొదలుపెట్టాను. బ్యారేజీని నడుమ పెట్టి, దాని నుంచి ఒక అంగలో ఉన్నవన్నీ మొదటి వలయంలో, రెండంగల్లో ఉన్నవి రెండో వలయంలో పేర్చాను. చక్రంలా కుదిరింది. ఒకరోజంతా మురిసిపోయాక పటమట పక్కనే మొదలయ్యే చిన్న పాయా, దాదాపు 70 కిలోమీటర్ల అవతల బందరు కాలువ కొసా ఒకే వలయంలో కూర్చున్నాయని గమనించాను. రెండూ ప్రధాన కాలువకే తగులుకుని ఉన్నాయి కాబట్టి లెక్క ప్రకారం అంగలు సమానం. నీళ్ళు ఎప్పుడో గానీ అందని శివారుకూ, గేటెత్తగానే తడిసే ఎగువ పొలానికీ నా చక్రంలో ఒకే దూరం. ఏ అధికారికన్నా చూపిస్తే "ఇద్దరికీ సమానంగానే ఉందిగా" అనేవాడు. చింపేశాను. ఎవరూ చూడక ముందే చింపానన్నది నాకున్న కొద్దిపాటి ఊరట.

మళ్ళీ ఆ ఊరే వెళ్ళాను. ఈసారి కాగితం పట్టుకెళ్ళలేదు. "నువ్వెలా గీస్తావు తాతా?" అనడిగాను. గట్టు మీద చింతబరికె తీసుకుని నేల మీద నిలువుగా ఒక గీత గీశాడు. పైన అడ్డంగా ఒక గీటు: "ఇది హెడ్డు". తర్వాత నిలువు గీతకు కుడిపక్క ఒక కొమ్మ, ఎడమపక్క ఒక కొమ్మ, వరసన మైలు నంబర్లతో. నేను ఎదురుగా నిలబడి ఉండటంతో నాకు కుడీ ఎడమా తారుమారయ్యాయి. "ఇటు రా. నీళ్ళు పోయే వైపు మొహం పెట్టి నిలబడు. ఇప్పుడు నీ కుడి చెయ్యి కుడి గట్టు" అని నన్ను భుజాలు పట్టి తిప్పాడు. ఎన్నో తూము దగ్గర నీళ్ళు ఆగుతాయో అక్కడ బరికెతో రెండుసార్లు పొడిచాడు.

ఇరిగేషన్ వాళ్ళు తరతరాలుగా గీసుకునే లైన్ డయాగ్రామ్ అదే. కాలువ వంపులన్నీ తీసేసి నిటారుగా చేసి, తూముల్ని వరస తప్పకుండా దూరాలతో సహా గుచ్చుతారు. 1931లో హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ లండన్ భూగర్భ రైలు పటానికి దాదాపు ఇలాంటి పనే చేశాడు. వంపుల్ని చదును చేసి అన్నింటినీ నిలువు, అడ్డం, 45 డిగ్రీల వాలు గీతలుగా మార్చాడు. 1933లో అచ్చయింది. బెక్ భూగోళాన్నంతా వదిలేసినా థేమ్స్ నదిని మాత్రం ఉంచాడు. నదికి ఇవతల ఉన్నానా అవతల ఉన్నానా అన్నది తెలిస్తే మనిషికి తానెక్కడున్నాడో తెలుస్తుంది. కంప్యూటర్‌లోనూ దీనికి తగిన పద్ధతి ఉంది. 1981లో సుగియామా బృందం చెప్పిన అంతస్తుల అమరిక. మూలం పైన, దాని మీద ఆధారపడినవి ఒక్కో మెట్టు కింద, గీతలన్నీ ఒకే దిక్కుకు. నేను చేసిందల్లా ప్రతి తూమునూ కాలువ మీద వరసలో ఒక చుక్కగా పెట్టడం. దాంతో బందరు శివారు తనంతట తానే కాగితం అడుగుకు దిగింది. నిజంగా ఎక్కడుందో అక్కడికి.

కథ ఇక్కడ ఆగిపోతే బాగుండేది. పట్నం చదువులవాడికి పల్లెటూరి తాత బుద్ధి చెప్పాడన్న నీతితో ముగించి చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. నిజానికి ఒకట్రెండు చోట్ల అలా చెప్పి కొట్టించుకున్నాను కూడా. అసలు తప్పు ఆ తర్వాత చేశాను.

*

అంతస్తుల బొమ్మ బాగానే ఉంది గానీ నా కంటికి శుభ్రంగా లేదు. కొన్ని గీతలు మొండికేశాయి. ఏలూరు దగ్గర గోదావరి కాలువ పక్క నుంచి వచ్చి కలుస్తుంది. పట్టిసీమ నుంచి 2015లో మొదలైన ఎత్తిపోతల నీళ్ళు పోలవరం కుడి కాలువ మీదుగా వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర, బ్యారేజీకి ఎగువన కృష్ణలో పడతాయి. పైనుంచి కిందకే పారాలన్న నా నియమానికి ఈ రెండూ ఎదురుతిరిగాయి. వాటిని మించిన తలనొప్పి మురుగు కాలువలు. సాగుకాలువ మెరక మీద పోతుంది, మురుగుకాలువ పల్లంలో పోతుంది. ఒకదాన్నొకటి దాటక తప్పదు. ఎనికేపాడు దగ్గర బుడమేరు ఏలూరు కాలువను దాటుతుంది చూడండి, పైన కాలువ తన దారిన తాను పోతుంటుంది, దాని అడుగున కట్టిన సొరంగంలోంచి బుడమేరు తన దారిన తాను పోతుంది. అండర్ టనెల్ అన్నదాన్ని కుదించి యూటీ అంటారు అందరూ. రెండు నీళ్ళు ఒకచోటే ఉన్నా చుక్కంతైనా కలవవు. కాగితం మీద మాత్రం రెండు గీతలు ఖండించుకుంటే కన్ను అక్కడ కలిశాయనే అనుకుంటుంది.

1997లో హెలెన్ పర్చేజ్ మనుషులకు రకరకాల బొమ్మలిచ్చి పరీక్ష పెట్టింది. వాళ్ళను అన్నింటికన్నా ఎక్కువ తికమక పెట్టింది గీతలు ఖండించుకోవడమేనని తేలింది. నేను ఈ సంగతిని వేదవాక్కులా పట్టుకున్నాను. ఖండనలు తగ్గాలి. తగ్గించే దారులు చాలానే ఉన్నాయి. తప్పనిసరి చోట్ల రెండు గీతల్నీ సూటిగా అడ్డంగా దాటించవచ్చు, అప్పుడు కన్ను దారి తప్పదు. ఒక గీతను చిన్న వంతెనలా ఎగరేయవచ్చు. నేను వీటన్నింటికన్నా సులువైన దారి పట్టాను. మురుగు కాలువల్ని తీసేశాను. ఇది సాగునీటి పటం, మురుగుతో పనేంటని నాకు నేను చెప్పుకున్నాను. అదే చేత్తో గోదావరి గీతలు రెండూ తుడిచేశాను. కాగితం మీద గాలి ఆడింది.

ఊళ్ళో ఇచ్చినప్పుడు ఒక కుర్రాడు అడిగాడు, "మురుగు కాలవ లేదేంటన్నా?" అని. "ఉంటే చదవడం కష్టమవుతుంది తమ్ముడూ" అన్నాను. వాడు తల ఊపాడు. తాత వేలు ఈసారి హెడ్డు దగ్గర మొదలై తడబడకుండా ఊరి దాకా దిగింది. నా జన్మ ధన్యమైందనుకున్నాను. ఆ బొమ్మను నా పనితనానికి నమూనాగా తర్వాత నలుగురికీ చూపించాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున సింగ్ నగర్ నుంచి పిన్ని ఫోన్. "ఒరేయ్, ఇంట్లోకి నీళ్ళొచ్చేశాయిరా. కృష్ణేనా? కట్ట తెగిందా? నువ్వు కాలవల బొమ్మలు గీస్తావుగా, ఎటు నుంచొస్తున్నాయో చెప్పు, పైకెక్కాలా బయటికి పోవాలా?"

గోడ మీది బొమ్మ వైపు చూశాను. కాలువలన్నీ వరసగా, ముచ్చటగా ఉన్నాయి. బుడమేరు లేదు.

ఆ తర్వాత రోజుల్లో అందరికీ తెలిసిన సంగతే. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు బుడమేరు వరదను మళ్ళించి ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి పంపాలి. అప్పటి కుండపోత వానకు మళ్ళింపు కాలువ పట్టలేదు, గండ్లు పడ్డాయి. అవతల కృష్ణ తానే నిండి ఉంది. 2వ తేదీన బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద. కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు గుద్దుకున్నాయి. బుడమేరుకు మిగిలింది పాత దారే: సింగ్ నగర్, పాయకాపురం పల్లం మీదుగా, ఎనికేపాడు యూటీ కింద నుంచి కొల్లేరుకు, అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. నేను తుడిచేసిన గీతలన్నీ ఆ వారం ఊరి మీద మళ్ళీ గీసుకున్నాయి. పట్టిసీమ నీళ్ళు వచ్చి పడే దారీ, బుడమేరు మళ్ళింపు దారీ ఇబ్రహీంపట్నం దగ్గర ఒకటే. దాన్నే నేను బొమ్మ పాడవుతోందని తీసేశాను.

నా బొమ్మలో బుడమేరు ఉంటే ఎవరికో మేలు జరిగేదని చెప్పుకోను. అది కూడా ఒక రకం గొప్పే. ఆ పొద్దున ఎవరూ పటాలు చూడలేదు. పిన్నివాళ్ళు డాబా ఎక్కారు, రెండు రోజులు అక్కడే ఉన్నారు, మూడో రోజు పడవ వచ్చింది. నన్ను తొలిచేది వేరే. పిన్ని అడిగినది డెల్టా గురించి ఎవరైనా అడగగలిగిన ప్రశ్నల్లోకెల్లా సూటి ప్రశ్న: నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి? ఏళ్ళ తరబడి ఆ నీళ్ళ బొమ్మలే గీసినవాడి దగ్గర జవాబు లేదు. ఒకప్పుడు నా పట్టికలో ఉంది. చదవడానికి వీలుగా ఉండాలని తీసేశాను.

చదవడానికి వీలు. ఈ మాటను ఎంత తెలివిగా వాడుకున్నానో ఇప్పుడు కనబడుతోంది. ఎవరు చదవడానికి? ఏ సంగతి చదవడానికి? ఆ ఊరివాళ్ళకు వాళ్ళ ఊరు దొరకాలన్నప్పుడు అది నిజమైన మాట. ఆ తర్వాత దాని చాటున నేను చేసిందంతా చూడముచ్చట కోసం. మెచ్చుకునే కళ్ళు నాలాంటి బొమ్మలవాళ్ళవి, వాళ్ళెవరూ ఆ నీళ్ళు తాగరు, ఆ నీళ్ళలో మునగరు.

టీకొట్టు దగ్గర నా నంబరు రాసుకున్నాయన గుర్తొస్తాడు. వెంచర్ల బ్రోషర్లు మీరూ చూసే ఉంటారు. నలభై అడుగుల రోడ్లు, పార్కు, గుడి, గేటుకు ఆర్చి. ఆ పొలంలో ఒకప్పుడు పంట బోదె ఉంటుంది, పల్లాన మురుగు వాగు ఉంటుంది. బ్రోషర్ మీద అవి ఉండవు. మొదట కాగితం మీద మాయమవుతాయి, తర్వాత పొక్లెయిన్ వచ్చి నేల మీద మాయం చేస్తుంది. కొన్న వాళ్ళకు వానాకాలంలో తెలుస్తుంది. ఆ వెంచర్లు వేసేవాళ్ళను తిట్టుకుంటూ బతికినవాణ్ణి నేను. నేనూ లేఅవుట్లే వేస్తాను. మొదట పూడ్చింది మురుగు కాలువనే.

*

ఇప్పుడు పని చేసే తీరు కొంత మార్చుకున్నాను. సాఫ్ట్‌వేర్ తెరవక ముందు బొమ్మ ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో ఒక వాక్యం రాసుకుంటాను. ఎవరు ఎవరితో కలిసున్నారన్నది ప్రశ్నైతే స్ప్రింగుల పద్ధతి. ఎటు నుంచి ఎటు పోతుందన్నది ప్రశ్నైతే అంతస్తులు. ఎక్కడ ఉందన్నదే ముఖ్యమైతే చుక్కల్ని కదపను, భూమి మీద ఎక్కడున్నాయో అక్కడే వదిలేస్తాను, గీతల గజిబిజిని భరిస్తాను. గీతలు మరీ దట్టమైపోతే బొమ్మే వద్దు, అడ్డం నిలువు గళ్ళ పట్టిక చాలు. ఒకే బొమ్మలో రెండు ప్రశ్నలు ఇరికించబోయినప్పుడల్లా రెండు బొమ్మలు వేస్తాను. ఒకచోట పెట్టిన చుక్కను రెండోదాంట్లోనూ అక్కడే ఉంచుతాను. తీసేసినవి ఏమిటో బొమ్మ అడుగున రాస్తాను. చివరికి ఎవరినన్నా పిలిచి "మీ ఊరు చూపించండి" అని, వాళ్ళ వేలు ఎక్కడ ఆగుతుందో చూస్తాను.

ఇన్ని నియమాలున్నా చెయ్యి పాత దారికే పోతుంది. మొన్ననే ఒక బొమ్మలో ఒక మొండి గీత మీద మౌసు పెట్టి, డిలీట్ మీద వేలుంచి, చాలాసేపు అలాగే కూర్చున్నాను.

వరద తీసిన మూడు నెలలకు, తుడిచినవన్నీ తిరిగి గీసి, మురుగు కాలువల్ని గోధుమ రంగులో, యూటీల దగ్గర చిన్న వంతెన గుర్తులతో కొత్త బొమ్మ వేసి ఆ ఊరికి పట్టుకెళ్ళాను. క్షమాపణ కూడా బస్సులోనే సిద్ధం చేసుకున్నాను.

సంఘం గదిలో పాతది గోడకు అలాగే ఉంది. దగ్గరికి వెళ్ళాను. కాలువల మీదుగా అడ్డదిడ్డంగా నీలం బాల్‌పెన్ను గీత ఒకటి. స్కేలు పెట్టకుండా, వణుకుతూ, మూడు కాలువల్ని దాటింది. దాటిన ప్రతిచోటా పెన్ను ఎత్తి చిన్న ఎడం వదిలారు, అక్కడ కలవవు అని. ఊరి దగ్గరికొచ్చాక ఆ గీత నుంచి పొలాల వైపు ఒక బాణం. మురుగు కాలువ నుంచి పొలానికి! కాలువ నీళ్ళు అందనప్పుడు శివారువాళ్ళు ఆయిల్ ఇంజిన్లు పెట్టి తోడుకునేది ఆ మురుగే. ఎగువ ఊళ్ళు వదిలేసిన నీళ్ళే వాళ్ళకు సాగునీళ్ళు. సాగునీటి పటంలో మురుగుతో పనేంటన్నాను నేను. ఇంకు అప్పటికే వెలిసిపోయి ఉంది.

"ఇది ఎప్పుడు గీశారు తాతా? వరదప్పుడా?"

"అబ్బే. నువ్విచ్చిన వారానికే. అది లేకపోతే మాకు దాంతో పనేముంది?"

"మరి నాకొక మాట చెప్పలేదేం?"

తాత కాసేపు ఆ గీత వైపే చూశాడు. "ఆ రోజు నువ్వంత సంబరపడుతుంటే చెప్పబుద్ధి కాలేదబ్బాయ్" అన్నాడు.

చుట్టచుట్టి తెచ్చిన కొత్త బొమ్మ చంకలోనే ఉంది. ఇవ్వాలా వద్దా అని కాసేపు నిలబడ్డాను. చివరికి బల్ల మీద పరిచి, జేబులోంచి పెన్ను తీసి పక్కన పెట్టాను.